రెండో స్థానంలో ఆగిన పాట

అరవై ఎనిమిదిలో, వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన వారంలో, శ్రీకాకుళం జిల్లాలోని ఒక మేజిస్ట్రేటు కోర్టుకు నన్ను కాపీయిస్టుగా వేశారు. ఊరి పేరు రాయను. నాతో పనిచేసిన వారి కుటుంబాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మాది అరసవల్లి. ఉద్యోగం వచ్చిన ఊళ్ళో మా మేనమామకి బట్టల దుకాణం ఉండటం వల్ల ఆయన ఇంట్లో ఉండి కోర్టుకు వెళ్ళేదాన్ని.

కాపీయిస్టు అంటే నకళ్ళు తీసే గుమాస్తా. తీర్పులు, వాంగ్మూలాలు, దావా కాయితాలు, ఎవరు దరఖాస్తు పెట్టుకుంటే వారికి టైపు చేసి ఇవ్వాలి. కింద ‘నిజ నకలు’ అని రాయాలి. ఎగ్జామినర్ అనే ఇంకో గుమాస్తా మూలంతో అక్షరం అక్షరం పోల్చి చూశాకే ముద్ర పడుతుంది. మూలంలో తప్పుంటే నకల్లోనూ ఆ తప్పు ఉండాలి. దిద్దే అధికారం మాకు లేదు. ఎవరితోనూ మాట్లాడనవసరం లేని పని కనుక నాకు నచ్చింది. ఆఫీసులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. రోజుకు పది మాటల కంటే ఎక్కువ మాట్లాడినట్టు గుర్తు లేదు. మాట్లాడనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

మా కోర్టుకు అనువాదకుడి పోస్టు విడిగా లేదు. ఆ పని హెడ్ క్లార్కు జగన్నాథం పంతులుగారు చూసేవారు. తెలుగు, ఇంగ్లీషు, ఒరియా మూడూ బాగా వచ్చిన మనిషి. రిటైరు కావడానికి ఏడాదిన్నర ఉంది. అనువాదం పూర్తయ్యాక అడుగున ఒక సర్టిఫికెట్ రాసి సంతకం చేసేవారు. ఆ సంతకం మీద మేజిస్ట్రేటుగారికి ఎంత నమ్మకమంటే, అది ఉంటే మూలం తెరిచి చూసేవారు కాదు.

ఆ ఏడాది చివర, వరి కోతల రోజుల్లో, గిరిజనుల తిరుగుబాటు నడుస్తున్న కొండల వైపు నుంచి కేసులు ఎక్కువగా వస్తుండేవి. ఎక్కడ చూసినా పోలీసు వ్యాన్లే. సంచీ పట్టుకుని నడిచే కుర్రవాడు కనబడితే ఆపి సోదా చేసేవారు. అలా ఆపినవాళ్ళలో ఒకడు కూర్మారావు. కళింగపట్నం మనిషి, వయసు పాతిక లోపు, రేడియో మెకానిక్. సైకిలు మీద తిరుగుతూ పంచాయతీ రేడియోలు బాగుచేసేవాడు. నెల్లిమర్ల మిల్లు దగ్గర టీ దుకాణాల్లోని సెట్లకు కూడా అతనే దిక్కని తర్వాత విన్నాను. కొండ దిగువ గ్రామంలో రేడియో బాగుచేసి వస్తుంటే పట్టుకున్నారు. సంచీలో తీగచుట్టలు, బ్యాటరీలు, చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోను, ఒక నోటు పుస్తకం దొరికాయి.

తీగలకూ బ్యాటరీలకూ అతను చెప్పిన సంజాయిషీ సరిపోయేదే. అనుమానమంతా పుస్తకం మీద. దాదాపు ప్రతి పేజీలోనూ ఇరవై వరుసలు. వరుసకు మూడు అంకెలు, ఒక బాణం గుర్తు. బాణం కొన్నిచోట్ల పైకి, కొన్నిచోట్ల కిందికి. పక్కన తెలుగు అక్షరాల్లో రెండు మూడు మాటలు. అక్షరాలు తెలుగే గానీ మాటలు తెలుగు కాదు. మొదటి అంకె దళం నంబరని, రెండోది మనుషులని, మూడోది తుపాకులని, బాణం కొండెక్కడం, దిగడం అని పోలీసు రిపోర్టులో రాశారు. ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇమ్మని మేజిస్ట్రేటుగారు పంతులుగారికి పంపారు.

ఆయన రెండు పూటలు దాంతో కూర్చున్నారు. ఒరియా అనుకుని చూశారు, కాదు. కొండ గ్రామాలకు నోటీసులు పట్టుకెళ్ళి సవరల మాటలు నేర్చుకున్న అమీనుని పిలిచి చదివి వినిపించారు, కాదన్నాడు. మా ఆఫీసులో ఒక అలవాటుండేది. చిక్కు కాయితం వస్తే ముందు హెడ్ క్లార్కు తన అభిప్రాయం చెప్పేవారు. తర్వాత బెంచి క్లార్కు, ఆ తర్వాత ఎగ్జామినర్, అలా హోదా ప్రకారం కిందికి వచ్చేది. పైవారు తెలియదన్న తర్వాత కిందివారు తెలుసు అనడం నేను ఒక్కసారీ చూడలేదు. ఆ రోజూ అందరూ తల అడ్డంగా ఊపాక పుస్తకం నా బల్ల మీదికి వచ్చింది.

“ఇదేం భాషమ్మా? నువ్వు పుస్తకాలు చదువుతావటగా, ఏమైనా పోల్చగలవా?” అన్నారు పంతులుగారు.

మొదటి పేజీ చూడగానే పోల్చాను. ఇంగ్లీషు పాటల పేర్లు, సగం తప్పుగా, వినబడినట్టు తెలుగులో రాసినవి. నేను పెదవులు కదపకుండా పాడుకునేవే. సముద్రం అవతలి ద్వీపం నుంచి వచ్చే స్టేషన్‌లో ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లీషు పాటల జాబితా చదివేవారు. ఆ వారం పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ అమ్ముడైన ఇరవై రికార్డులు, కింది నుంచి పైకి. మొదటి అంకె ఈ వారం స్థానం, రెండోది పోయిన వారం స్థానం, మూడోది జాబితాలోకి ఎక్కి ఎన్ని వారాలైందో. బాణం పాట ఎక్కిందో దిగిందో. భోజనాలయ్యాక మావ, అత్త కునుకు తీసే సమయమది. రేడియో గొంతు పూర్తిగా తగ్గించి, చెవి సెట్టుకు ఆనించి వినేదాన్ని. ఎలక్ట్రిక్ గిటార్ల మోత, డ్రమ్ములు, అరుపులు. మావ దృష్టిలో అది చెడిపోయిన పిల్లలు వినే గోల. నేను ఆ జాబితా వారం వారం డైరీలో రాసుకునేదాన్ని. ఒక్కో పాట గురించి ఆ ఇంగ్లీషు అనౌన్సరు చెప్పే పూర్వకథ కూడా రాసేదాన్ని. పాటల కంటే నాకు ఆ కథలే ఎక్కువ ఇష్టం.

ఆ రోజుల్లో జాబితాలో ఒక పాట ఉండేది. నలుగురు కుర్రాళ్ళు ఒక బట్టలుతికే దుకాణం వెనక గదిలో సాధన చేసి కట్టిన పాటట. రికార్డింగ్ రోజున డ్రమ్ముల పెట్టె రైల్లో తప్పిపోతే, నాలుగోవాడు ఖాళీ సూట్‌కేసు మీద వాయించాడట. కంపెనీవాళ్ళకి నచ్చక దాన్ని రికార్డు రెండో ముఖాన వేశారు. ఏదో రేవు పట్టణంలో ఒక అనౌన్సరు రికార్డు తిరగేసి పెట్టడంతో ఊరు ఊరంతా ఆ పాటే అడిగింది. అలా ఇరవయ్యో స్థానంలో జాబితాలోకి వచ్చి, వారానికి రెండు మూడు మెట్ల చొప్పున ఎక్కుతోంది. కూర్మారావు పుస్తకం చివరి పేజీలో అది రెండో స్థానంలో ఉంది. నా డైరీలోనూ ఆ వారం అంతే.

పంతులుగారు కళ్ళజోడు తీసి నా జవాబు కోసం చూస్తున్నారు. చుట్టూ నలుగురు మగవాళ్ళు. ఈ పాటలు తెలుసంటే ఎలా తెలుసని అడుగుతారు. మావ ఇంటిదాకా పోతుంది. ఆ నలుగురికీ తెలియనిది నాకు తెలుసని చెప్పాలి.

“తెలియదండి” అన్నాను.

ఆయన సర్టిఫికెట్ చెబుతుంటే నేనే టైపు చేశాను. ‘భాష గుర్తించబడలేదు. సంకేత లిపి అయి ఉండవచ్చు.’ మొదటి వాక్యం దగ్గర ఆగితే సరిపోయేది. రెండోది ఆయన ఊహ. తెలియదని మాత్రమే రాసి సంతకం పెట్టడం ఆయన స్థాయి మనిషికి చిన్నతనంగా అనిపించి ఉంటుంది. నాకు అలా అనిపించిందని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు నేను టైపు మాత్రమే చేశాను.

మర్నాడు కూర్మారావుని కోర్టుకు తెచ్చారు. కేసు పిలిచేదాకా మా గది బయట వరండాలో, చేతికి బేడీతో, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య కూర్చోబెట్టారు. కిటికీ తెరిచి ఉండటం వల్ల వాళ్ళ మాటలన్నీ నాకు వినబడ్డాయి.

“ఏరా కూర్మా, ఈ వోరం ఏ దళం కొండెక్కినాదిరా?”

“దళాలు కావు బావూ. పాటలు. ఎన్నిసార్లు సెప్పమంటారు?”

“పాటలైతే పాడు మరి. ఇంటాం.”

అతను గొంతు తగ్గించి పాడాడు. బట్టలుతికే దుకాణం వెనక పుట్టిన ఆ పాటే. మాటలు సగం తప్పు, వరస మాత్రం ఎక్కడా తప్పలేదు. కానిస్టేబుళ్ళు పగలబడి నవ్వారు.

“ఇదేటి పాటరా నాయినా! పిల్లి తోక తొక్కినట్టున్నాది. నీకేటి అర్థమైనాది ఇందల?”

“అర్థం నాకూ తెల్దు బావూ. ఇనబడింది ఇనబడినట్టు రాసుకున్నాను. సెట్టు బాగైనాదో నేదో తెలవాలంటే దూరం స్టేషనే పెట్టి సూడాల. అలాగ అలవాటైపోనాది. మొన్నాదివారం నన్ను లాకప్పులో ఎట్టేసినారు. ఎవులు పైకొచ్చినారో తెల్దు. పదిహేడు వోరాలై రాస్తన్నాను.”

“తెల్సుకోడానికి నీకు చానా టైముందిలే” అన్నాడు రెండోవాడు. మొదటివాడు మళ్ళీ నవ్వాడు.

మొన్న ఆదివారం ఎవరు పైకొచ్చారో నాకు తెలుసు. కిటికీకీ వరండాకీ మధ్య నాలుగు అడుగులు. టైపు మిషన్‌లో కాయితం మార్చుకున్నాను.

పోలీసులు ఐదు రోజుల కస్టడీ కోరారు. అరెస్టయిన తొలి పదిహేను రోజుల్లోనే ముద్దాయిని తిరిగి పోలీసుల చేతికి ఇవ్వడానికి వీలుంటుంది. దానికి కారణం చూపించాలి. వాళ్ళు చూపించిన కారణం మా సర్టిఫికెట్. సంకేత లిపి అయి ఉండవచ్చని కోర్టు అనువాదకుడే రాశాక, దాన్ని విప్పి చెప్పాల్సినవాడు ముద్దాయే కదా. మేజిస్ట్రేటుగారు ఆర్డరు వేశారు. ఆ ఆర్డరు నకలు కూడా నేనే తీశాను. ఎగ్జామినర్ పోల్చి చూసి ఒక్క తప్పూ లేదన్నాడు.

ఆ ఐదు రోజులూ డైరీలో ఏమీ రాయలేదు. చెబితే ఏమవుతుందో మాత్రం ఆలోచించాను. నోటి మాట చాలదని నాకు తెలుసు. అతని పుస్తకంలోని అంకెలు పాటల స్థానాలేనని తేలాలంటే, అవే వారాల్లో అవే అంకెలు, అతనితో సంబంధం లేని మనిషి అప్పటికప్పుడు రాసుకున్న కాయితం కావాలి. అలాంటిది జిల్లాలో ఇంకొకటి ఉందో లేదో తెలియదు. నా ట్రంకు పెట్టెలో ఒకటి ఉంది. అయితే ఆ డైరీలో పాటలు మాత్రమే లేవు.

ఆరో రోజు అతన్ని తిరిగి తెచ్చారు. ఎడమ చెవి మీద గుడ్డ కట్టి ఉంది. లోపలి నుంచి బంట్రోతు పేరు పిలిచాడు. అతను కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. అప్పుడు కుడి చెవి ముందుకు వచ్చేలా తల తిప్పి, ఎక్కడి నుంచి పిలుస్తున్నారో వెతుక్కున్నాడు. దెబ్బ ఎలా తగిలిందని మేజిస్ట్రేటుగారు అడిగితే, లాకప్పులో జారిపడ్డానని చెప్పాడు. అలాగే రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి డైరీ తెచ్చి పంతులుగారి బల్ల మీద పెట్టాను. ఆయన నోటు పుస్తకం తెప్పించి పక్కపక్కన పెట్టుకుని మొదటి పేజీ పోల్చారు. రెండో పేజీ పోల్చారు. మూడోది తెరవలేదు.

“ఆ రోజు అడిగాను కదమ్మా” అన్నారు.

ఒక తెల్లకాయితం తీసుకుని, తన సర్టిఫికెట్‌లోని రెండో వాక్యానికి ఆధారం లేదని, దాన్ని ఉపసంహరించుకుంటున్నానని స్వదస్తూరీతో రాశారు. టైపు చేయనా అని అడిగితే వద్దన్నారు.

కోర్టు ఉద్యోగి ముద్దాయి తరఫున సాక్ష్యం చెప్పాలంటే జిల్లా జడ్జిగారి అనుమతి ఉండాలి. అది రావడానికి మూడు వారాలు పట్టింది. నేను పనిచేసే మేజిస్ట్రేటుగారి ముందు చెప్పకూడదని కేసును వేరే కోర్టుకు మార్చారు. అక్కడ బోనెక్కాను. డైరీకి ‘ఎక్జిబిట్ డి-1’ అని గుర్తు వేశారు. పాటలున్న పేజీలు మాత్రమే దాఖలు చేస్తామని ముద్దాయి వకీలు అడిగారు. పుస్తకంలో కొంత చింపి ఇవ్వడం చెల్లదని, మొత్తం దాఖలు చేయాల్సిందేనని కోర్టు అంది. అది సరైన నియమమే.

“ఈ ముద్దాయి మీకేమవుతాడు?” అని ప్రాసిక్యూటరు అడిగారు.

ఏమీ కాడన్నాను.

“ఏమీ కాని మనిషీ మీరూ ఒకే రోజు ఒకే పాటలు ఎందుకు రాసుకున్నారు?”

స్టేషన్ ఒకటే కనుక, అన్నాను. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు.

పదిహేడు వారాలూ పోల్చారు. అంకెలు కలిశాయి. అయితే నా సాక్ష్యాన్ని నిలబెట్టింది కలిసినవి కాదు, కలవనివి. అతని పుస్తకంలో రెండు వారాలు సగం పేజీ ఖాళీ. అప్పుడు బ్యాటరీ అయిపోయిందన్నాడు. నా డైరీలో ఆ వారాలు నిండుగా ఉన్నాయి. నాకు ఒక వారం చివరి ఐదు పాటలు లేవు. అత్త నిద్ర లేచిందని రాసి ఉంది. అతనికి అవి ఉన్నాయి. ఒకరిది చూసి ఒకరు రాసుకుంటే ఖాళీలు ఒకేచోట ఉండాలని అక్కడి మేజిస్ట్రేటు అన్నారు. ఆ తర్వాత పూర్వకథలు చదివించారు. డ్రమ్ముల పెట్టె రైల్లో తప్పిపోవడం, రికార్డు తిరగేయడం, ఏ వారం ఏ స్థానం, అన్నీ. అక్కడి బెంచి క్లార్కు చదువుతూ చదువుతూ ఆ పేజీలో కింద ఉన్నది కూడా ఆపకుండా చదివేశాడు. ‘ఈ ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. అత్త నవ్వగా ఒక్కసారీ చూడలేదు.’

నోటు పుస్తకం మీద పెట్టిన ఆరోపణ నిలవలేదు. తీగలూ బ్యాటరీలూ వృత్తి సామాను అని తేల్చి కూర్మారావుని విడిచిపెట్టారు. పంతులుగారికి మెమో వచ్చింది. అజాగ్రత్తగా సర్టిఫికెట్ ఇచ్చినందుకు మందలింపు ఆయన సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. ఆ మందలింపుతోనే ఆయన రిటైరయ్యారు. నాకు ఏ మెమో రాలేదు. ఆయన నన్ను అడిగిన ప్రశ్నా, నేను చెప్పిన జవాబూ ఏ కాయితం మీదా లేవు. సంజాయిషీలో ఆయన నా పేరు రాయలేదు.

సాక్ష్యం చెప్పిన సాయంత్రం ఇంటికి వెళితే మావ గుమ్మంలోనే ఉన్నాడు.

“కోర్టుకెక్కించినావు కదే మా ఇల్లు. రేపు దుకాణంల ఎలాగ కూకోమంటావు నన్ను?” అన్నాడు.

అత్త అరవలేదు. కంచం పెట్టి, ఎదురుగా కూర్చుంది.

“నవ్వనేదని రాసినావంట. నవ్వడానికి ఏటున్నాదే ఈ ఇంట్లోన?” అంది. నా కంచం చూసి, “మజ్జిగ ఎయ్యనా?” అని అడిగింది.

నెల తిరక్కుండా వేరే గది చూసుకున్నాను.

కేసు కాయితాలన్నీ మా కోర్టుకే తిరిగి వచ్చాయి. కొండల వైపు ఇంకో కేసు దర్యాప్తుకు పనికొస్తుందని పోలీసులు ఎక్జిబిట్ డి-1 పూర్తి నకలు కోరుతూ దరఖాస్తు పెట్టారు. కాపీయిస్టుని నేనొక్కదాన్నే. నా డైరీకి నేనే నకలు తీశాను. నాలుగు రోజులు పట్టింది. నియమం ప్రకారం తప్పులతో సహా తీశాను. అడుగున ‘నిజ నకలు’ అని టైపు చేశాను. పాటలు లేని పేజీలను ఎగ్జామినర్ తల వంచుకుని పోల్చాడు. ఆ తర్వాత అతను నాతో మాట్లాడటానికి ఎప్పుడూ కొంచెం మొహమాటపడేవాడు.

కూర్మారావు సామాను వాపసు కోసం ఒకసారి ఆఫీసుకు వచ్చాడు. తీగలు, ఇయర్‌ఫోను, టంకం వేసే కడ్డీ ఇచ్చారు. నోటు పుస్తకాన్ని మాత్రం నా డైరీతో పాటు ఆ రెండో కేసు తేలేదాకా ఉంచుతామన్నారు. సంతకం పెట్టి, నా బల్ల దగ్గరికి వచ్చి కుడి చెవి నా వైపు ఉండేలా నిలబడ్డాడు.

“అమ్మా, ఆ పాట పైకెళ్ళినాదా?”

వెళ్ళలేదన్నాను. రెండో స్థానంలోనే మూడు వారాలు ఆగింది. తర్వాత అయిదుకు దిగింది, పదకొండుకు దిగింది, ఆ పై వారం జాబితాలో లేదు. అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. రాసుకోవడానికి చేతిలో ఏమీ లేదు.

“మెకానిక్ పని సేస్తన్నావా?” అని అడిగాను. మా వైపు మాట నాకు ఆఫీసులో ఎప్పుడూ రాదు, ఆ రోజు వచ్చింది.

“నేదమ్మా. ఒంటి సెవితో సెట్టు పట్టుకుంటే గరగర ఎక్కడినుంచొస్తన్నాదో తెలీదు. సేపలు ఎండబెడతన్నాం, నానూ మా అయ్యా. ఆ పనికి సెవులక్కర్నేదు.”

ఇయర్‌ఫోను బల్ల మీద వదిలేసి వెళ్ళాడు. మరిచిపోయాడనుకుని బంట్రోతుని పంపించాను. అక్కర్లేదన్నాడట.

నేను ముప్పై ఆరేళ్ళు సర్వీసు చేశాను. చివరి పన్నెండేళ్ళు అనువాద విభాగానికి సూపరింటెండెంటుని. రెండు పద్ధతులు పెట్టుకున్నాను. తెలియని కాయితం వస్తే సర్టిఫికెట్‌లో ‘నాకు తెలియదు’ అని రాసి అక్కడే ఆపేదాన్ని, ఊహ రాయనిచ్చేదాన్ని కాదు. అభిప్రాయం అడిగేటప్పుడు విభాగంలో అందరికంటే చిన్న ఉద్యోగిని ముందు పిలిచేదాన్ని. విడిగా, పైవాళ్ళెవరూ నోరు విప్పకముందు. చెప్పిన జవాబు ఫైల్లో వాళ్ళ చేతే రాయించి సంతకం తీసుకునేదాన్ని. ఇది వాళ్ళకి కష్టంగా ఉండేది. నా వెనక విసుక్కునేవారని కూడా తెలుసు. మానలేదు.

ఈ పద్ధతుల వల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో చెప్పలేను. కూర్మారావుకి జరగలేదు. ‘తెలియదండి’ అన్న రోజుకూ డైరీ తెచ్చిన రోజుకూ మధ్య ఏడు రోజులు. అతని చెవి పోయింది ఆ ఏడు రోజుల్లోనే.